కారిపోయిన వాయువు కథ

గత వేసవిలో రోహిణికార్తె నాటికి మా మోటారు కారులో చల్లగాలి వచ్చుట ఆగిపోయినది. మీట త్రిప్పినచో గాలి వీచుచునే యుండెను గాని, అది వీధిలోని వడగాలికంటె ఏమంత మెరుగుగా లేదు. అంతకుముందు కారు నిలిపిన చోట ప్రతిదినము నీటిచుక్కలు పడి, నేలమీద చిన్న మడుగు కట్టుచుండెడిది. అది చూచి, ఏదో కారిపోవుచున్నదని మేము దిగులుపడుచుండెడివారము. ఇప్పుడా నీరును ఆగిపోయినది. కారుట ఆగినది గనుక దోషము దానంతట అదే సర్దుకొన్నదని ఇంటిలో ఒకరు సంతోషించిరి కూడను.

దగ్గరలోని ఒక దుకాణమువారు గ్యాసు అయిపోయినదని చెప్పి, కొద్ది నిమిషములలో నింపి పంపిరి. మూడు వారములు గడవకముందే మరల వేడిగాలి మొదలైనది. ఈసారి వేరొక ముసలి మెకానిక్కు వద్దకు పోయితిమి. మరల గ్యాసు నింపుమని మేము చెప్పగా, అతడు పాతగుడ్డతో చేతులు తుడుచుకొనుచు, “నింపడానికేముందండీ, నిమిషం పని. ముందు నింపింది ఎక్కడికి పోయిందో తెలియొద్దా?” అనెను. నేలమీది నీటి సంగతి అడుగగా అతడు నవ్వెను. “అది గాలిలో చెమ్మండీ. చల్లని కాయిలుకు తగిలి నీరై కిందపడుతుంది. ఆ నీరు కారుతుంటే బండి బాగున్నట్టు లెక్క. మీ గ్యాసు కారేది కంటికి కనబడదు.”

నింపినది ఎక్కడికి పోయినది? పైకి ఇది ఒక మెకానిక్కు వేయు చిన్న ప్రశ్నవలె తోచును. కాని గడచిన నూరేండ్లలో ఈ ప్రశ్ననే గొప్ప శాస్త్రజ్ఞులు కొందరు వేసికొనిరి. వారికి దొరికిన సమాధానమును బట్టి ప్రపంచములోని ప్రభుత్వములన్నియు కూడి ఒక ఒడంబడిక చేసికొనవలసి వచ్చినది. ఆ చరిత్రను శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

వేసవిలో మట్టికూజాలోని నీరు చల్లబడుట మనమందరము ఎరిగినదే. కూజా గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి, ఆవిరియై గాలిలో కలియును. ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని లోపలి నీటినుండి తీసికొనుటచే మిగిలిన నీరు చల్లబడును. కారులోని యంత్రమును ఈ సూత్రముమీదనే నడచుచున్నది. అయితే కూజాలో ఆవిరియైన నీరు తిరిగి రాదు. మనము మరల నింపుకొందుము. యంత్రములో ఆవిరియైన పదార్థమును బయటికి పోనీయరు. కంప్రెసరు దానిని పీల్చి, గట్టిగా నొక్కి, కారు ముందుభాగముననున్న కండెన్సరునకు పంపును. అచట అది తన వేడిని బయటిగాలికి విడిచి ద్రవమగును. ఆ ద్రవము ఒక సన్నని ద్వారముగుండ కూలింగు కాయిలులో ప్రవేశించి, ఒత్తిడి తగ్గుటచే మరల ఆవిరియై, కారులోని వేడిని గ్రహించును. ఇట్లు ఒకే పదార్థము గుండ్రముగా తిరుగుచుండును. ఇది పెట్రోలువలె ఖర్చగు వస్తువు కాదు. కనుక గ్యాసు ‘అయిపోయినది’ అను మాట సరికాదు. ఎచటనో సందుచేసికొని వెడలిపోయినదన్న మాట.

ఈ విధమైన యంత్రమునకు 1834లో తొలి హక్కుపత్రము పొందినవాడు జాకబ్ పెర్కిన్సు. ఇతడు అమెరికాలో పుట్టి లండనులో స్థిరపడిన యంత్రశిల్పి. ఇతడు ఈథరును వాడదలచెను. ఈథరు తేలికగా ఆవిరియగును. అంత తేలికగానే అంటుకొని మండును. తరువాత వచ్చినవారు అమోనియాను, సల్ఫర్ డయాక్సైడును, మిథైల్ క్లోరైడును వాడిరి. మంచు కర్మాగారములలో ఈ వాయువులతో ఎట్లో పని జరిగెడిది. కాని 1920 తరువాత అమెరికాలోను, ఐరోపాలోను రిఫ్రిజిరేటరు వంటింటిలో అడుగుపెట్టినది. దానితోపాటు ఈ వాయువులును పిల్లలు నిదురించు గదుల ప్రక్కకు చేరినవి. అమోనియా కారినచో ఘాటైన వాసన ఇంటిల్లిపాదిని మేల్కొల్పును. మిథైల్ క్లోరైడునకు అట్టి ఘాటు లేదు. అది నిద్రలోనే ప్రాణములు తీయగలదు.

1926లో బెర్లిను నగరమున ఒక కుటుంబము రాత్రివేళ ఇట్లే మరణించినట్లు వార్తాపత్రికలో పడినది. ఆ వార్త చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ మిక్కిలి కలత చెందెను. లియో జిలార్డ్ అను యువ శాస్త్రజ్ఞునితో కలసి ఆయన దోషమెచట నున్నదో విచారించెను. వారికి తోచిన సమాధానము మిక్కిలి తేటయైనది: కదలు భాగమున్నచోట దానిచుట్టు సందు తప్పదు, సందున్నచోట ఎప్పటికైనను కారుట తప్పదు. కనుక కదలు భాగములే లేని యంత్రమును వారు రూపొందించిరి. దానికి 1930లో అమెరికాలో హక్కుపత్రము లభించినది. ఆ యంత్రము బజారునకు రాలేదు. కాని వారు కనుగొన్న దోషమును మనము గుర్తుంచుకొనవలెను; మోటారు కారు కథలో అది మరల మనకు ఎదురగును.

ఐన్‌స్టైన్ యంత్రము బజారునకు రాకపోవుటకు ఒక కారణమున్నది. యంత్రమును మార్చుటకంటె వాయువును మార్చుట సులువని మరికొందరు తలచిరి. జనరల్ మోటార్స్ సంస్థ కోరికమీద 1928లో థామస్ మిడ్జ్‌లీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు, ఆల్బర్ట్ హెన్నె, రాబర్ట్ మెక్‌నరీ అను సహచరులతో ఈ పనికి పూనుకొనెను. పెట్రోలులో సీసము కలుపు పద్ధతిని కనిపెట్టినవాడును ఈ మిడ్జ్‌లీయే. కర్బనము, క్లోరిన్, ఫ్లోరిన్ అను మూడింటి కలయికతో వారొక వాయువును తయారుచేసిరి. దాని రసాయనిక నామము డైక్లోరోడైఫ్లోరోమీథేన్. వర్తకులు దానిని ఫ్రియాన్ అనిరి. మెకానిక్కులకు అది ‘ఆర్-12’. 1930 ఏప్రిలులో అట్లాంటా నగరమున జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును తన గుండెలనిండ పీల్చి, వెలుగుచున్న కొవ్వొత్తిమీదికి మెల్లగా ఊదెను. కొవ్వొత్తి ఆరినది, మిడ్జ్‌లీకి ఏమియు కాలేదు. ఆ వాయువు విషము కాదనియు, మండదనియు ఒక్క ఊపిరిలో రుజువైనది.

అది నిజముగా గొప్ప మేలు. దానివలన ఎన్ని కుటుంబములు బ్రతికినవో లెక్కింపజాలము. ఆ రోజులలో దానిని తప్పుపట్టుటకు ఎవరికిని కారణము కనబడలేదు. అయితే ఆ సద్గుణములలోనే ఒక చిక్కు దాగియున్నది. రంగు లేదు, ఘాటైన వాసన లేదు, హాని లేదు. కనుక కారినను ఎవరికిని పట్టదు. పూర్వము కారుట అనిన ప్రాణభయము. ఇకమీదట కారుట అనిన కొద్దిపాటి ఖర్చు. అంతే.

ఈ వాయువు మోటారు కారులోనికి వచ్చినది 1939లో. ఆ సంవత్సరము నవంబరులో చికాగో నగరపు కార్ల ప్రదర్శనలో ప్యాకార్డు సంస్థవారు చల్లగాలి యంత్రమమర్చిన కారును చూపిరి. దాని వెల, కారు వెలకు తోడు 274 డాలర్లు. కూలింగు కాయిలు వెనుక సీటుకు ఆవల ఉండి, సామాను పెట్టుకొను చోటును చాలవరకు ఆక్రమించెడిది. కంప్రెసరును ఆపుటకు మీట లేదు. చలికాలమున ఇంజను మూత తెరచి బెల్టును ఊడదీసి ఉంచుకొనవలెను. అట్టి వస్తువును కొన్నవారు కొద్దిమందియే. యుద్ధానంతరము 1953, 1954లలో అమెరికను సంస్థలు మరల పూనుకొన్నవి. 1954లో నాష్ సంస్థవారు యంత్రమునంతటిని కారు ముందుభాగములోనే ఇమిడ్చి, వెల తగ్గించిరి. 1969 నాటికి అమెరికాలో అమ్ముడైన కొత్త కార్లలో సగమునకు పైగా ఈ యంత్రముతోనే వచ్చినవి.

వంటింటి రిఫ్రిజిరేటరు ఇరువదేండ్లు గ్యాసు నింపకుండ పనిచేయుట కలదు. కారుకు ఆ యోగమెందుకు లేదు? ఐన్‌స్టైన్ చెప్పిన సందు ఇచట కనబడును. రిఫ్రిజిరేటరులో మోటారును, కంప్రెసరును ఒకే ఇనుప డబ్బాలో పెట్టి అతుకువేసి మూసివేయుదురు, గొట్టములన్నియు లోహపువి. కారులో కంప్రెసరును ఇంజను బెల్టు త్రిప్పుచుండును. కనుక దాని ఇరుసు బయటికి రాక తప్పదు. ఇరుసు బయటికి వచ్చుచోట ఒక సీలు తిరుగుచు అరుగుచుండును. ఇంజను ఊగుచుండును గనుక గట్టి లోహపు గొట్టములతోనే సరిపెట్టలేరు. నడుమ రబ్బరు గొట్టములు వేయుదురు. ప్రతి అతుకువద్ద ఓ-రింగు అను రబ్బరు ఉంగరము ఉండును; అది వేడికి గట్టిపడి బీటలువారును. ముందున్న కండెన్సరునకు రోడ్డుమీది రాళ్లు తగులును. ఇన్ని సందులున్న యంత్రములో వాయువు నిలుచుటయే వింత.

అమెరికాలో దీనికి ఇంటివైద్యమొకటి ఏర్పడినది. చిన్న చిన్న డబ్బాలలో ఆర్-12 వాయువును అంగళ్లలో అమ్మసాగిరి. సెలవుదినమున ఇంటి ముంగిట కారు నిలిపి, మూత తెరచి, డబ్బాను గొట్టముతో తగిలించి, ఇంటి యజమానియే వాయువును నింపుకొనుట వాడుక అయినది. మరుసటి వేసవికి మరియొక డబ్బా. దోషమును వెదకువారు తక్కువ. వెదకుట కష్టము, నింపుట చవుక. ఇక మరమ్మతు శాలలలోను యంత్రము విప్పవలసినచో లోపలి వాయువును గాలిలోనికి వదలివేయుటయే ఆచారము. పోయినది ఎక్కడికి పోయినదో ఎవరును అడుగలేదు.

అడిగినవారిలో మొదటివాడు జేమ్స్ లవ్‌లాక్ అను ఆంగ్లేయుడు. 1971లో ఆయన ఒక పరిశోధక నౌకలో ఇంగ్లండునుండి దక్షిణ ధ్రువ సముద్రముల వరకు ప్రయాణము చేయుచు, తాను నిర్మించిన సున్నితమైన సాధనముతో గాలిని పరీక్షించెను. ఫ్రియాన్ జాతికి చెందిన మరియొక వాయువు ఆయనకు దారిపొడవునను కనబడినది. కర్మాగారములు గాని, కార్లు గాని లేని సముద్రమధ్యముననుగూడ అది గాలిలో నున్నది. అనగా విడిచిన వాయువు నశింపక పోగుపడుచున్నదన్న మాట. అయినను దానివలన అపాయము లేదనియే ఆయన ఆనాడు తలచెను.

అపాయమును గుర్తించినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా. నశింపని వస్తువు తుదకు ఏమగును అని వారు ప్రశ్నించుకొనిరి. 1974లో ‘నేచర్’ పత్రికలో తమ సమాధానమును ప్రకటించిరి. ఈ వాయువు మెల్లమెల్లగా పైకి చేరి, సూర్యుని అతినీలలోహిత కిరణముల తాకిడికి చిట్లి, క్లోరిన్ పరమాణువులను విడుచును. అచటనే మనలను ఆ కిరణములనుండి కాపాడు ఓజోను పొర యున్నది. ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు లక్ష వరకు ఓజోను అణువులను నాశనము చేయగలదు. క్రింద ఎవరికిని హాని చేయని ఆ సాధుగుణమే దానిని అంత ఎత్తునకు క్షేమముగా చేర్చినది.

ఈ కథలో తెలుగుదేశమునకును ఒక చోటున్నది. అణ్ణామలై విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన వీరభద్రన్ రామనాథన్ గారు 1960 తరువాతి దశకములో సికింద్రాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల సంస్థలో ఉద్యోగము చేసిరి. యంత్రములనుండి ఈ వాయువు ఎందుకు కారిపోవుచున్నదో కనుగొనుట అచట వారికి అప్పగింపబడిన పని. తరువాత వారు బెంగుళూరిలోను, అమెరికాలోను చదివి వాతావరణ శాస్త్రజ్ఞులైరి. రోలండ్, మొలీనాల వ్యాసము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1975లో, ‘సైన్స్’ పత్రికలో ఒక కొత్త సంగతిని తెలిపిరి. ఈ వాయువులు భూమినుండి వెడలు వేడినిగూడ పట్టి ఉంచుననియు, అణువునకు అణువు లెక్కించినచో బొగ్గుపులుసు గాలికంటె సుమారు పదివేల రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించుననియు వారి లెక్క. సికింద్రాబాదులో యంత్రమునుండి తప్పించుకొన్న వాయువునే వారు ఆకాశములో మరల పట్టుకొనిరనవచ్చును.

లెక్కలను నమ్మనివారు 1985 వరకు వాదించుచునే యుండిరి. ఆ సంవత్సరము దక్షిణ ధ్రువ ఖండమున హాలీబే కేంద్రమునుండి జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు తమ కొలతలను వెల్లడించిరి. అచట వసంత ఋతువున ఓజోను విపరీతముగా తగ్గిపోవుచున్నదని తేలినది. రెండేండ్లలో, 1987 సెప్టెంబరు 16వ తేదీన, మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడికపై సంతకములు చేసినవి. మన దేశము 1992లో అందు చేరినది. ధనిక దేశములు 1990 తరువాతి దశకములోనే ఆర్-12 వంటి వాయువుల తయారిని ఆపివేయగా, మనవంటి దేశములు 2010 నాటికి ఆపినవి. రోలండ్, మొలీనాలకు, వారికి ముందు ఓజోను రసాయనమును పరిశోధించిన పాల్ క్రుట్జెన్‌కు 1995లో నోబెల్ బహుమతి లభించినది. 2023 జనవరిలో వెల్లడియైన అంతర్జాతీయ నివేదికను బట్టి, ఈ ఒడంబడిక ఇట్లే సాగినచో దక్షిణ ధ్రువముపై ఓజోను పొర సుమారు 2066 నాటికి 1980 నాటి స్థితికి రాగలదు.

మరి కార్ల సంగతి? 1990 తరువాత కార్లలో ‘ఆర్-134ఎ’ అను వాయువు వచ్చినది. ఇందు క్లోరిన్ లేదు. ఓజోను పొరకు దీనివలన భయము లేదు. కాని రామనాథన్ గారు చెప్పిన రెండవ దోషము దీనికిని కలదు. నూరేండ్ల లెక్కలో, తూకమునకు తూకము చూచినచో, ఇది బొగ్గుపులుసు గాలికంటె 1,300 రెట్లకు పైగా భూమిని వేడెక్కించును. నేటి చిన్న కారులో ఈ వాయువు అర కిలో అటుయిటుగా ఉండును. ఆ అర కిలో కారిపోయినచో, సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత బొగ్గుపులుసు గాలిని విడిచినట్లగును. మా కారు మూడు వారములలో, నిలిపిన చోటనే యుండి, మాకు తెలియకుండ చేసిన పని ఇది.

అందుచేతనే 2017 నుండి ఐరోపా సమాజములో కొత్త కార్లలో ఈ వాయువును నిషేధించిరి. దాని స్థానమున ‘ఆర్-1234వైఎఫ్’ అను వాయువు వచ్చినది. అది భూమిని మిక్కిలి స్వల్పముగా మాత్రమే వేడెక్కించును గాని కొంచెము మండు గుణము కలది. 2016లో రువాండా దేశపు కిగాలి నగరమున మాంట్రియల్ ఒడంబడికకు సవరణ జరిగి, ఆర్-134ఎ వంటి వాయువులనుగూడ క్రమముగా తగ్గింపవలెనని నిశ్చయమైనది. మన దేశము 2021లో దానిని అంగీకరించినది. అమెరికాలో ఇంటివద్ద నింపుకొను చిన్న డబ్బాలకు 2018 నుండి, తీసివేయగానే తానే మూసికొను మూత ఉండవలెనను నిబంధన వచ్చినది. డబ్బాలో మిగిలిన కొద్దిపాటి వాయువునకు సైతము నేడు లెక్క చెప్పవలసి వచ్చినది.

ఇక మా ముసలి మెకానిక్కు చేసిన పని చెప్పెదము. అతడు మొదట దీపము పట్టుకొని గొట్టముల అతుకులను ఒక్కొక్కటే చూచెను. వాయువుతోపాటు కంప్రెసరు నూనెయు తిరుగుచుండును గనుక, వాయువు పోయినచోట నూనె మరక మిగులును. దానిమీద దుమ్ము పట్టును. కండెన్సరు దగ్గర ఒక అతుకువద్ద అట్టి మరక కనబడినది. మిగిలిన వాయువును యంత్రముతో సిలిండరులోనికి తీసి, గొట్టములలో నత్రజనిని ఎక్కించి, ఆ అతుకుమీద సబ్బునురుగు రాసెను. నిమిషములో చిన్న బుడగ లేచినది. గట్టిపడిన ఓ-రింగును మార్చి, మరల నత్రజనితో పరీక్షించి, పంపుతో లోపలి గాలిని, చెమ్మను పూర్తిగా లాగివేసెను. చెమ్మ మిగిలినచో సన్నని ద్వారమువద్ద మంచుగా గడ్డకట్టును, లేదా ఆమ్లమై లోపలి లోహమును తినివేయును. ఆ పిమ్మట కారుకు ఎంత నిర్ణయించిరో అంత వాయువును తూచి నింపెను. ఉంగరము ఖరీదు కొద్ది రూపాయలే. పని మాత్రము సగము దినము పట్టినది.

ఇందులో గృహస్థుడు స్వయముగా చేసికొనదగినదియు కొంత కలదు. చల్లదనము తగ్గినపుడు మొదట కండెన్సరుమీది దుమ్మును, ఆకులను తొలగింపవచ్చును. అతుకులవద్ద నూనె మరకలకై వెదకవచ్చును. చలికాలమునను వారమునకొకసారి కొద్ది నిమిషములు యంత్రమును నడిపినచో, నూనె అంది సీళ్లు ఎండిపోకుండ ఉండును. గొట్టములను విప్పుట మాత్రము ఇంటిపని కాదు. లోపలి ద్రవము కంటిలో పడినచో చూపు పోవచ్చును. చర్మముపై పడినచో గడ్డకట్టించును. చవుక అని వంటగ్యాసును నింపుట కారులో నిప్పు పెట్టుకొనుటయే. సందులను పూడ్చునని అమ్ము జిగురు ద్రవములు మంచి భాగములనుగూడ పూడ్చివేయును. నిపుణుని వద్దకు పోయినపుడు అడుగవలసిన మాట ఒకటే: “గ్యాసు తరువాత నింపవచ్చును, ముందు ఎక్కడ కారుచున్నదో చూపుము.”

ఇంటివారు చనిపోవుచున్నంతకాలము కారుటను లోకము తీవ్రముగానే చూచినది. హాని కంటికి కనబడనంత దూరము పోగానే, దానిని మరచుటకు నలువదేండ్లు పట్టలేదు. మరల జ్ఞాపకము చేసికొనుటకు మాత్రము ఎందరో శాస్త్రజ్ఞుల శ్రమ కావలసి వచ్చినది. కాని వారు చివరకు వేసినది మా మెకానిక్కు వేసిన ప్రశ్నయే.

ఈ వేసవిలో మా కారు క్రింద నీటిచుక్కలు మరల పడుచున్నవి. వాటిని చూచి మేమిప్పుడు దిగులుపడుట లేదు.